అరికాళ్ళ మంటలు, నరాల నొప్పి: మందులతో పాటు ఏవి వాడవచ్చు, ఎలా పరీక్షించుకోవాలి

రాత్రి భోజనాలై ఇల్లు సద్దుమణిగాక మా అమ్మ మంచం దిగి వచ్చి, వంటింటి గచ్చు మీద పాదాలు ఆనించి గోడకు చేరగిలబడి కూర్చునేది. పగలంతా పనుల్లో పడి అంతగా పట్టించుకోని మంట, పక్క మీద వాలగానే అరికాళ్ళలో నిప్పులు పోసినట్టు రేగేది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేక కాళ్ళు బయటపెట్టి పడుకునేది. అదే పాదంలో చిటికెన వేలిని గిచ్చితే మాత్రం తెలిసేది కాదు. ఒకే పాదంలో మంటా మొద్దుబారడమూ కలిసి ఉండడం వింతగా తోస్తుంది కానీ, దెబ్బతిన్న నరాల తీరే అంత. షుగరు వ్యాధిలో ముందుగా దెబ్బతినేవి శరీరంలోకెల్లా పొడవైన నరాలు, అంటే నడుము దగ్గరి నుంచి కాలివేళ్ళ దాకా సాగేవి. అందుకే బాధ రెండు పాదాల వేళ్ళలోనూ మొదలై, మేజోడు తొడిగినట్టు మెల్లగా పైకి పాకుతుంది. మోకాళ్ళ దాకా వచ్చేసరికి చేతివేళ్ళలో కూడా తిమ్మిరి కనబడుతుంది.

ఈ నొప్పికి డాక్టర్లు రాసే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, డ్యూలోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులు చాలామందికి ఉపశమనం ఇస్తాయి కానీ, నొప్పి పూర్తిగా పోయేది కొద్దిమందికే. కొందరికి మత్తు, కాళ్ళ వాపు, నోరు ఎండిపోవడం వంటి ఇబ్బందులు వచ్చి మోతాదు పెంచడం కుదరదు. మిగిలిపోయిన ఆ సగం నొప్పి కోసమే జనం విటమిను బిళ్ళలు, తైలాలు, సూదుల వైద్యం, కరెంటు యంత్రాలు, పసరు మందులు వెతుక్కుంటారు. వెతకడంలో తప్పు లేదు. అన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టి, ఏది పనిచేసిందో ఏది చెడు చేసిందో తెలియని స్థితికి చేరడమే అసలు ప్రమాదం. ఇక్కడ రాస్తున్నది ప్రధానంగా షుగరు వల్ల వచ్చే నరాల నొప్పి గురించే అయినా, పరీక్షించుకునే పద్ధతి మిగతా కారణాలకూ వర్తిస్తుంది. డాక్టరు రాసిన మందులకు తోడుగా ఏం చేయవచ్చో చెప్పడమే దీని ఉద్దేశం; వాటిని మానడం గురించి ఇందులో ఎక్కడా లేదు. ముఖ్యంగా ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, డ్యూలోక్సెటిన్ వంటివి ఒక్కసారిగా ఆపకూడదు.

ముందు కారణం తేలాలి

మన దగ్గర కాళ్ళు తిమ్మిరెక్కినా, చేతులు వణికినా, నీరసంగా ఉన్నా ‘నరాల బలహీనత’ అనే ఒక్క మాటతో సరిపెట్టి, మందుల షాపులో బలం బిళ్ళలు అడిగి తెచ్చుకోవడం అలవాటైపోయింది. నరం ఎందుకు దెబ్బతింటున్నదో తెలుసుకోకుండా నొప్పిని మాత్రమే తగ్గించుకుంటే లోపల జరిగే నష్టం జరుగుతూనే ఉంటుంది. షుగరు ఉన్నవాళ్ళకు కూడా వేరే కారణం తోడై ఉండవచ్చు కాబట్టి మూడు నెలల సగటు చక్కెరతో పాటు బీ12, థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోవాలి. మద్యం అలవాటు ఉంటే దాచకుండా చెప్పాలి. క్షయకు ఐసోనియజిడ్, లినెజోలిడ్ వాడుతున్నా, క్యాన్సరుకు కీమోథెరపీ జరిగినా ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇవన్నీ నరాలను దెబ్బతీయగలవు. చర్మం మీద పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ ఉండి, దాని మీద స్పర్శ తెలియకపోతే కుష్ఠు వ్యాధి అనుమానించి వెంటనే చూపించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దానికి మందులు ఉచితంగా ఇస్తారు, తొందరగా మొదలుపెడితే నరాలు దక్కుతాయి.

పాదాల పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలిలో కొన్ని చోట్ల ఆనించి తెలుస్తున్నదో లేదో చూస్తారు, మోగించిన శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్కును) బొటనవేలి ఎముక మీద పెట్టి ప్రకంపన తెలుస్తున్నదేమో అడుగుతారు. షుగరు ఉన్న ప్రతివారూ ఏడాదికి ఒకసారైనా ఇది చేయించుకోవాలి. డాక్టరు మరిచిపోతే మీరే చెప్పులు విప్పి అడగండి.

ఒక కాలికే బాధ పరిమితమైనా, కొద్ది రోజుల్లోనే బలహీనత కాళ్ళ నుంచి పైకి పాకుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, పాదం వేడెక్కి ఎర్రగా వాచినా, పుండు పడినా, ఏ ప్రత్యామ్నాయ చికిత్సల జోలికీ పోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఎక్కువ మందికి తెలియని మరో సంగతి ఉంది. ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్న చక్కెరను రెండు మూడు నెలల్లో చాలా వేగంగా దించితే కొందరికి నరాల నొప్పి హఠాత్తుగా పెరుగుతుంది. అప్పుడు ‘ఇన్సులిన్ పడలేదు’ అని మానేయకూడదు. ఎంత నెమ్మదిగా దించాలో డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఇంట్లో ఉన్న బిళ్ళలను లెక్కపెట్టడం

కొత్తది ఏదైనా కొనే ముందు చేయవలసిన పని ఇదే. ఒక ఆదివారం మా అమ్మ మందుల డబ్బా తీసి, పరిచిన పేపరు మీద బోర్లించాను. షుగరు డాక్టరు రాసిన నరాల బిళ్ళ ఒకటి, మోకాళ్ళ నొప్పికి చూపించుకున్నప్పుడు ఇంకో డాక్టరు రాసిన బలం బిళ్ళ ఒకటి, మా పెద్దమ్మ తనకు పనిచేసిందని ఇచ్చిన ఎర్ర గొట్టాల స్ట్రిప్పు ఒకటి ఉన్నాయి. మూడింటి పేర్లూ వేరు, రంగులూ వేరు. భూతద్దం పెట్టి వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదివితే మూడింటిలోనూ మిథైల్‌కోబాలమిన్ (బీ12 విటమినుకు ఒక రూపం) ఉంది, మూడింటిలోనూ పిరిడాక్సిన్ కూడా ఉంది. మొత్తం కూడితే రోజుకు ఎంత పిరిడాక్సిన్ లోపలికి పోతున్నదో ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

పిరిడాక్సిన్ అంటే బీ6 విటమిను. తక్కువైతే నరాలకు చేటు, మరీ ఎక్కువైనా నరాలకు చేటే. రోజుకు గ్రాముల లెక్కన బీ6 మింగినవాళ్ళకు పాదాలు మొద్దుబారి నడక తూలిపోయిందని 1983లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. అంతకంటే చాలా తక్కువ మోతాదులు ఏళ్ళ తరబడి వాడినా ఇబ్బంది వస్తున్నదని తర్వాత గమనించారు. అమెరికా పెద్దలకు రోజుకు 100 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా పెట్టగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12 మిల్లీగ్రాములకు దించింది. మన దగ్గర దొరికే నరాల బిళ్ళల్లో కొన్నింట్లో ఒక్క బిళ్ళలోనే అంతకు మించి ఉంటుంది. కాబట్టి ప్రతి స్ట్రిప్పు వెనకా పిరిడాక్సిన్ ఎంతో చూసి, అన్నీ కూడి, ఆ అంకెను కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. తిమ్మిరి కోసం వేసుకునే బిళ్ళే తిమ్మిరి పెంచుతూ ఉండవచ్చు. ఒక్క మినహాయింపు మాత్రం గుర్తుంచుకోవాలి: క్షయకు ఐసోనియజిడ్ వాడుతున్నవారికి నరాలు కాపాడడానికే కొద్ది మోతాదులో బీ6 ఇస్తారు, దాన్ని సొంతంగా ఆపకూడదు.

ఒక్కొక్కటిగా, కొలిచి, గడువు పెట్టి

నరాల నొప్పికి ఒక స్వభావం ఉంది: అది అలల్లా హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. మనం కొత్త మందు మొదలుపెట్టేది నొప్పి భరించలేనప్పుడే. అలాంటప్పుడు ఏమీ వేసుకోకపోయినా కొన్నాళ్ళకు అది కొంత తగ్గుతుంది, ఆ తగ్గుదల కొత్త మందు ఖాతాలో పడుతుంది. దానికి తోడు, మందు వేసుకున్నామన్న నమ్మకం కూడా నొప్పిని నిజంగానే తగ్గిస్తుంది. వైద్య పరీక్షల్లో ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో కూడా గణనీయంగా తగ్గినట్టు కనబడుతుంటుంది. అందుకే ‘నాకు పనిచేసింది’ అన్న బంధువుల మాట ఎంత మనసారా చెప్పినదైనా మీ పాదానికి సాక్ష్యం కాదు.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఏమీ కొత్తగా మొదలుపెట్టకుండా ముందు రెండు వారాల పాటు ప్రతి రాత్రీ పడుకునే వేళ నొప్పికి సున్నా నుంచి పది లోపల ఒక అంకె వేయండి. పొద్దున లేవగానే రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో రాయండి. చక్కెర చూసుకుంటే ఆ అంకె కూడా పక్కనే వేయండి. అప్పుడు ఒకే ఒక్క కొత్త చికిత్స మొదలుపెట్టి ఎనిమిది వారాలు ఇవ్వండి. ఆ ఎనిమిది వారాల్లో ఇంకేదీ చేర్చకూడదు. చివరి రెండు వారాల సగటును మొదటి రెండు వారాల సగటుతో పోల్చినప్పుడు కనీసం రెండు అంకెలు, లేదా మూడో వంతుకు దగ్గరగా తగ్గి ఉంటేనే అది మనిషికి నిజంగా తెలిసే ఉపశమనం. ఏడున్నర కాస్తా ఏడైతే దాని కోసం నెలనెలా డబ్బు పోయనక్కరలేదు. తగ్గితే, ఒకసారి రెండు వారాలు ఆపి చూడండి. నొప్పి తిరిగి వస్తే అది ఆ మందు ఫలమేనని గట్టిగా నమ్మవచ్చు. ఆపి చూడడం అనేది తేలిన లోపానికి వాడుతున్న బీ12కు గానీ, డాక్టరు రాసిన నొప్పి మందులకు గానీ వర్తించదు.

మింగే వాటిలో ఏది ఎంతవరకు

అన్నిటికంటే ముందు చూడవలసింది బీ12. ఇది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. స్పైరులినాలో ఉందని అమ్ముతారు కానీ అందులో ఉన్నది చాలావరకు మన ఒంటికి పనికిరాని రూపం. శాకాహారం మీద ఉన్నవారికి, కడుపులో మంటకు ఏళ్ళ తరబడి గ్యాసు బిళ్ళలు వేసుకునేవారికి, షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతున్నవారికి బీ12 తగ్గిపోతుంది. మన ఇళ్ళలో ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి ఉండడం మామూలు. మెట్‌ఫార్మిన్ వల్ల తగ్గుతుంది కదా అని దాన్ని మానకూడదు; బీ12 చేర్చుకుంటే సరిపోతుంది. రక్తంలో మిల్లీలీటరుకు 200 పీకోగ్రాముల లోపు ఉంటే లోపమనీ, 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానించదగ్గదనీ సాధారణంగా లెక్క. పరీక్ష బిళ్ళలు మొదలుపెట్టక ముందే చేయించాలి, ఎందుకంటే బిళ్ళ వేసుకున్నాక అంకె పెరిగి అసలు స్థితి కప్పబడిపోతుంది. లోపం తేలితే డాక్టరు ఇంజెక్షన్లు గానీ, రోజుకు 1000 మైక్రోగ్రాముల స్థాయిలో బిళ్ళలు గానీ ఇస్తారు. చాలామందికి బిళ్ళలే సరిపోతాయి, నెలనెలా ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ‘నరాల ఇంజెక్షన్’ పొడిపించుకోవలసిన అవసరం ఉండదు. నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. పాతబడిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. బీ12 చూడకుండా ఫోలిక్ ఆసిడ్ మాత్రమే వేసుకుంటే రక్తహీనత సర్దుకుంటుంది కానీ, నరాల నష్టం లోలోపల సాగిపోతుంది. ఇది చాలా నష్టం చేసిన పొరపాటు. ఇక బీ12 సరిగా ఉన్నవాళ్ళు మిథైల్‌కోబాలమిన్ వేసుకుంటే నొప్పి తగ్గుతుందనడానికి ఆధారాలు బలహీనం. హాని తక్కువే, ఆశ కూడా తక్కువే పెట్టుకోవాలి.

తర్వాత ఎక్కువగా వినబడేది ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్. జర్మనీలో దీన్ని రక్తనాళం ద్వారా రోజుకు 600 మిల్లీగ్రాములు మూడు వారాలు ఎక్కించి చేసిన అధ్యయనం 1995లో వచ్చింది. మంట, తిమ్మిరి తగ్గినట్టు కనబడింది. 2006లో వచ్చిన మరో అధ్యయనంలో 600 మిల్లీగ్రాముల బిళ్ళలు అయిదు వారాలు వాడినా లక్షణాలు తగ్గాయి. మోతాదు 1200కు, 1800కు పెంచితే ఉపశమనం పెరగలేదు, వికారం మాత్రం పెరిగింది. ఇక్కడితో ఆగితే మంచి మందే అనిపిస్తుంది. కానీ ఆరు నెలలు, అంతకు మించి సాగిన అధ్యయనాలను కలిపి 2024లో కోక్రేన్ సంస్థ చేసిన సమీక్ష, ఆరు నెలల దగ్గర లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా బహుశా లేదని తేల్చింది. కాబట్టి వాడి చూడదలిస్తే డాక్టరుకు చెప్పి 600 మిల్లీగ్రాములతో, పరగడుపున, తిండికి అరగంట ముందు మొదలుపెట్టి, పైన చెప్పిన ఎనిమిది వారాల గడువు దగ్గర నిజాయితీగా లెక్క చూసుకోండి. తేడా లేకపోతే ఆపేయండి. ఇన్సులిన్ గానీ చక్కెర తగ్గించే బిళ్ళలు గానీ వాడుతున్నవాళ్ళు మొదటి వారాల్లో చక్కెర మామూలు కంటే తరచుగా చూసుకోవాలి, అది పడిపోయే అవకాశం ఉంది.

బెన్‌ఫోటయమిన్ అనేది బీ1కు ఒక రూపం. దాని ఫలితాలు ఒక అధ్యయనంలో ఒకలా, మరో దాంట్లో మరోలా వచ్చాయి. ఎసిటైల్ ఎల్ కార్నిటిన్‌కు షుగరు నొప్పిలో కొంత ఆధారం ఉంది కానీ, కీమోథెరపీ వల్ల నరాలు దెబ్బతినకుండా ఉండాలని ముందుజాగ్రత్తగా ఇచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో అది మేలు చేయకపోగా నరాల బాధను పెంచింది. 2013లో వచ్చిన ఫలితం అది. రొమ్ము క్యాన్సరుకు టాక్సేన్ మందులు ఎక్కించుకుంటున్నవారు దీన్ని తాకకూడదు. విటమిన్ డీ తక్కువైతే పూడ్చుకోవాలి, కానీ 60,000 యూనిట్ల సాషే వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలకు రాసేది. దాన్ని రోజూ పాలలో కలుపుకుని తాగి క్యాల్షియం పెరిగి ఆసుపత్రి పాలైనవారు ఉన్నారు. కూరలో పసుపు వేసుకోవడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. మిరియాల సారం కలిపి గాఢంగా చేసిన కర్క్యుమిన్ గొట్టాల సంగతి వేరు, వాటివల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి; రక్తం పలచబడే మందు వాడేవారు ఇంకా జాగ్రత్త పడాలి.

సప్లిమెంటు డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశపు ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉందంటే దాన్ని ఆహారపదార్థంగా అమ్మడానికి అనుమతి ఉందని మాత్రమే అర్థం, జబ్బును తగ్గిస్తుందని కాదు. అమెరికాలో ఉంటూ అమ్మానాన్నలకు పెద్ద డబ్బాలు పంపే పిల్లలు కూడా ఇది గమనించాలి: 1994 చట్టం ప్రకారం అక్కడ సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు ప్రభుత్వ ఆమోదం అక్కరలేదు. లోపల రాసినంత సరుకు ఉందో లేదో చూసే యూఎస్‌పీ వంటి స్వతంత్ర ముద్ర ఉన్నవి ఎంచుకోవడం మేలు.

పైపూతలు, కాపడం, నడక

మిరపకాయలోని కారానికి మూలమైన క్యాప్సైసిన్ నరాల నొప్పికి నిజంగా పనికివచ్చే పైపూత. నరాల కొసల్లో వేడిని, మంటను పసిగట్టే ఒక ప్రోటీను మీద అది పనిచేస్తుంది. ఆ ప్రోటీనును కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పదే పదే తగిలే కారానికి ఆ కొసలు అలిసి, మొద్దుబారి, నొప్పి కబురు పంపడం తగ్గిస్తాయి. అందుకే మొదటి వారం పది రోజులు మంట పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది మూడో రోజే మానేస్తారు. నరాల నొప్పికి పరీక్షించిన క్రీములో క్యాప్సైసిన్ 0.075 శాతం, రోజుకు మూడు నాలుగు సార్లు, వారాల తరబడి. మన షాపుల్లో దొరికే నొప్పుల జెల్లుల్లో చాలావాటిలో క్యాప్సైసిన్ అంతకంటే తక్కువగా, డైక్లోఫినాక్‌తో కలిపి ఉంటుంది. అవి కండరాల నొప్పులకు ఉద్దేశించినవి, ట్యూబు మీద శాతం చదివి కొనండి. పగుళ్ళు, పుండ్లు ఉన్న చోట రాయకూడదు, రాశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కళ్ళు నలుపుకోకూడదు. ఇంట్లో మిరపకాయలు నూరి పట్టు వేయడం ఎంతమాత్రం పనికిరాదు. మోతాదు తెలియని కారం స్పర్శ లేని పాదాన్ని బొబ్బలెక్కిస్తుంది. 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీని అమెరికా 2020లో షుగరు వల్ల పాదాలకు వచ్చే నరాల నొప్పికి అనుమతించింది. అది ఆసుపత్రిలోనే అరగంట వేసి తీసేస్తారు, మూడు నెలల దాకా మళ్ళీ వేయరు.

నువ్వుల నూనె, క్షీరబలా తైలం, మహానారాయణ తైలం వంటివి గోరువెచ్చగా రాసి మెల్లగా మర్దన చేస్తే నరం బాగుపడుతుందని చెప్పలేం కానీ, చాలామందికి హాయిగా ఉండి నిద్ర పడుతుంది, చర్మం పగలకుండా ఉంటుంది. దానికి తోడు, రోజూ ఎవరో ఒకరు ఆ పాదాన్ని చేతుల్లోకి తీసుకుని చూడడమే పెద్ద మేలు. వేళ్ళ సందుల్లో మాత్రం నూనె నిలవనీయకండి, తడికి పుండు పడుతుంది. అరికాళ్ళ మంటకు గోరింటాకు రుబ్బి పెట్టడం మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. ఆ చల్లదనం నిజమే, హాని కూడా తక్కువ. కానీ అది పండిన ఎరుపు కింద కొత్తగా వచ్చే ఎరుపూ కమిలిన మచ్చా కనబడవు కాబట్టి, ఒకసారి పుండు పడి మానినవారు పెట్టుకోకపోవడం మంచిది. జిల్లేడు ఆకు వేడిచేసి కట్టడం మాత్రం మానాలి. జిల్లేడు పాలు చర్మాన్ని కాల్చేస్తాయి.

ఇక కాపడం. వావిలాకు వేసి మరిగించిన నీళ్ళయినా, హాట్ వాటర్ బ్యాగయినా, ఇసుక మూటయినా, స్పర్శ తగ్గిన పాదానికి ఇదే అన్నిటికంటే ఎక్కువ గాయాలు చేసేది. ఒక శీతాకాలం రాత్రి మా అమ్మ అలవాటు ప్రకారం వేడినీళ్ళ బ్యాగు మీద పాదం ఆనించి నిద్రపోయింది. తెల్లారి దుప్పటి మీద తడి చూసి, నీళ్ళు కారాయనుకుంది. అరికాలు తిప్పి చూస్తే రూపాయి బిళ్ళంత బొబ్బ చితికి ఉంది. ఆమెకు నొప్పి అన్నదే తెలియలేదు. అది మానడానికి రెండు నెలలు పట్టింది. అప్పటి నుంచి మా ఇంట్లో నియమం ఒకటే: నీళ్ళ వేడి చూడవలసింది పాదం కాదు, స్పర్శ బాగున్న ఇంకొకరి మోచేయి. గోరువెచ్చదనం దాటకూడదు, పది నిమిషాలు మించకూడదు, బ్యాగు పక్కలో పెట్టుకుని పడుకోనే కూడదు. మాల్స్‌లో, టీవీలో అమ్మే వేడి పుట్టించే పాదాల మసాజు యంత్రాలకూ ఇదే వర్తిస్తుంది.

చర్మం మీద పట్టీలు అంటించి స్వల్పంగా కరెంటు పంపే టెన్స్ యంత్రాన్ని షుగరు నరాల నొప్పికి వాడి చూడవచ్చునని అమెరికా నరాల వైద్యుల అకాడమీ 2010లో సమర్థించింది. అదే యంత్రం దీర్ఘకాలపు నడుము నొప్పికి పనిచేయలేదని కూడా చెప్పింది. ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగైదు సార్లు వాడి, ఫలితం కనబడితేనే సొంతానికి కొనండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వాడకూడదు. బొత్తిగా స్పర్శ లేని చోట పట్టీ అంటించకూడదు. ఆక్యుపంక్చర్ విషయంలో 2017లో కోక్రేన్ సమీక్ష, పనిచేస్తుందని గానీ చేయదని గానీ చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చింది. వెళ్ళదలిస్తే ప్రతిసారీ కొత్త సూదుల పొట్లం మీ ఎదుటే విప్పించండి. షుగరు ఉన్నవారి పాదాల్లో కాకుండా పైన పొడవమనండి.

ఖర్చు లేనిది, నా లెక్కలో అన్నిటికంటే నమ్మదగినది నడక. వారానికి 150 నిమిషాలు చక్కెరను దారిలో పెడుతుంది, నిద్ర తెస్తుంది. నిలకడ తగ్గినవారు వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది పది అంకెలు లెక్కపెట్టే సాధనతో మొదలుపెట్టవచ్చు. యోగాసనాలు మంచివే కానీ, వజ్రాసనంలో గానీ బాసింపట్టులో గానీ చాలాసేపు కూర్చుంటే మోకాలి పక్కన పోయే నరం నలిగి పాదం వాలిపోయే ప్రమాదం ఉంది, అప్పటికే దెబ్బతిన్న నరాలకు ఇంకా తొందరగా. వట్టి కాళ్ళతో ఇంట్లో కూడా తిరగకూడదు. మన భక్తికి ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు చెప్పులు లేకుండా ఎక్కాలని మొక్కుకున్నవారు, మిట్టమధ్యాహ్నం రాతి ప్రాకారంలో ప్రదక్షిణలు చేసేవారు అరికాళ్ళు కాలినా తెలియక బొబ్బలతో ఇంటికి వస్తారు. తెల్లవారుజామునో పొద్దుగుంకాకో వెళ్ళండి, మందపాటి మేజోళ్ళు వేసుకోండి, కిందికి రాగానే కూర్చుని రెండు అరికాళ్ళూ చూసుకోండి. మామూలు రోజుల్లో మెత్తటి ఎం.సి.ఆర్. (సన్నటి గాలి గదులున్న మెత్తని రబ్బరు) చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి వాడండి.

పొడులు, భస్మాలు

ఆయుర్వేదం చదివిన వైద్యుడు నాడి చూసి, తయారీ సంస్థ పేరు, లైసెన్సు నంబరు, చేర్చిన దినుసులు రాసి ఉన్న మందు ఇవ్వడం ఒక సంగతి. పేరు లేని పొట్లంలో నల్లటి పొడి పోసి ‘నలభై రోజుల్లో నరాలు ఉక్కు తీగలవుతాయి’ అని అమ్మడం ఇంకో సంగతి. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి లోహాలు దొరికాయి. సీసం మణికట్టు వాలిపోయేలా నరాన్ని దెబ్బతీస్తుంది. ఆర్సెనిక్ తెచ్చే నరాల జబ్బు తరచుగా అరికాళ్ళ మంటలు, తిమ్మిరితోనే మొదలవుతుంది. నొప్పికి మందుగా మింగిన పొడి అదే నొప్పికి కారణం కాగలదన్నమాట. ఇలాంటివి నెలల తరబడి వాడి ఉంటే, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి.

పొడి వేసుకున్న రెండు మూడు రోజుల్లోనే ఒళ్ళునొప్పులన్నీ మాయమై, ఆకలి విపరీతంగా పెరిగి, చక్కెర అకారణంగా పెరుగుతుంటే అందులో స్టెరాయిడు కలిసిందని అనుమానించాలి. కొన్ని వారాలుగా వాడుతూ ఉంటే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే; మిగిలిన పొడిని పారేయకుండా ఆ పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి మందుల, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం నిషేధిస్తుంది కాబట్టి, గోడ మీద గానీ ఫోనులో గానీ అలాంటి ప్రకటన కనబడితే అమ్మేవాడు అక్కడే చట్టం దాటాడని గుర్తించండి.

తర్వాతి సారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు నోటుపుస్తకం, బిళ్ళల స్ట్రిప్పులన్నీ ఒకే సంచిలో, వాటిలోని పిరిడాక్సిన్ మొత్తం రాసిన కాగితం, ఎప్పుడు ఏది మొదలుపెట్టారో తేదీలు తీసుకువెళ్ళండి. విప్పడానికి వీలైన చెప్పులు వేసుకుని వెళ్ళండి. మా అమ్మ ఇప్పుడు ఒకటే నరాల బిళ్ళ, డాక్టరు రాసిన రాత్రి మందు, పడుకోబోయే ముందు క్రీము వాడుతున్నది. ఆమె పుస్తకంలో మొదటి పేజీ సగటు ఏడు, ఈ నెల సగటు నాలుగు. వంటింటి గచ్చు మీదికి వచ్చి కూర్చోవడం వారానికి ఒకటి రెండు రాత్రులకు తగ్గింది.